కొత్త మెషిన్ కొనాలా, ఎంఆర్‌ఐ స్లాట్ సంపాదించాలా?

(ఒక ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి కొత్త రేడియేషన్ మెషిన్ కొనబోతోందనుకుందాం. ఎంఆర్‌ఐ స్కానర్, రేడియేషన్ ఇచ్చే లీనాక్ ఒకే యంత్రంగా వచ్చే ఎంఆర్-లీనాక్ తీసుకుందామంటారు డాక్టర్. వద్దంటారు రేడియేషన్ డోసు లెక్కలు చూసే మెడికల్ ఫిజిసిస్ట్.)

డాక్టర్: సీటీలో ప్రోస్టేట్ గ్రంథి ఎక్కడ ఆగిందో, పక్క కండరం ఎక్కడ మొదలైందో సరిగా తెలియదు సార్. అనుమానం కొద్దీ రేడియేషన్ పడాల్సిన చోటు చుట్టూ గీత కాస్త బయటికే గీస్తాం. పేగులో గ్యాస్ చేరితే గ్రంథి జరుగుతుంది కాబట్టి చుట్టూ ఇంకొంచెం మార్జిన్ ఇస్తాం. ఆ మార్జిన్‌లో కాలేది ఏ జబ్బూ లేని మూత్రాశయం, పురీషనాళం. ఎంఆర్-లీనాక్‌లో అయితే రేడియేషన్ నడుస్తుండగానే గ్రంథి కనిపిస్తుంది. పక్కకి జరిగితే బీమ్ ఆపేయొచ్చు.

ఫిజిసిస్ట్: కనిపిస్తుంది, కాదనను. రోజుకి ఎంతమందికి? మామూలు లీనాక్ మీద మనిషికి పది పదిహేను నిమిషాలు. దీని మీద స్కాన్ తీసి, అవయవాలు మళ్లీ గీసి, ప్లాన్ మార్చి, సరిచూసుకుని, అప్పుడు బీమ్ వేయాలి. ముప్పావుగంట పడుతుంది. ఎనిమిది గంటలు ఆగకుండా నడిపినా పదిమంది. బయట కరెంటు (అంటే రేడియేషన్) పెట్టించుకోవడానికి తేదీ కోసం తిరిగేవాళ్లకి ఏం చెబుదాం?

డాక్టర్: ఐదు సిట్టింగుల్లో ముగుస్తుందని చెబుదాం. లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్ఏ యూనివర్సిటీలో ప్రోస్టేట్ పేషెంట్ల మీద జరిగిన మిరాజ్ ట్రయల్ ఫలితాలు 2023లో వచ్చాయి. సీటీ చూసి ఇచ్చినవాళ్లకి 4 మిల్లీమీటర్ల మార్జిన్, ఎంఆర్‌ఐ చూసి ఇచ్చినవాళ్లకి 2. మొదటి మూడు నెలల్లో చెప్పుకోదగ్గ మూత్ర సమస్యలు 43 శాతం నుంచి 24కి దిగాయి. పేగు సమస్యలు 10.5 శాతం నుంచి సున్నాకి వచ్చాయి.

ఫిజిసిస్ట్: ఆ ట్రయల్‌లో సీటీ వాళ్లకీ ఐదు సిట్టింగులే మేడమ్. సిట్టింగులు తగ్గిన లాభాన్ని ఎంఆర్-లీనాక్ ఖాతాలో వేయకండి. మార్జిన్ లాభం నిజమే, దాన్ని తక్కువ చేయను. కానీ మన వార్డులో ఎక్కువమంది ఎవరు? గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌తో వచ్చిన ఆడవాళ్లు. వాళ్లకి ప్రాణం నిలబెట్టేది లోపల పెట్టే రేడియేషన్, బ్రాకీథెరపీ. మన దగ్గర ఇప్పటికీ చాలామందికి డోసు లెక్క పాయింట్ ఏ మీదే: అప్లికేటర్ (రేడియేషన్‌ని లోపలికి చేర్చే గొట్టం) నుంచి రెండు సెంటీమీటర్లు పైకి, రెండు పక్కకి. ఆ పద్ధతి 1938 నాటిది. గడ్డ చిన్నదైనా పెద్దదైనా అదే బిందువు! ఎంఆర్‌ఐ తీస్తే మిగిలిన గడ్డ ఏ పక్కకి పాకిందో కళ్లకి కనిపిస్తుంది, డోసు అటు వంచుతాం. ముంబై టాటా మెమోరియల్ కూడా పాల్గొన్న ఎంబ్రేస్ అధ్యయనంలో, అలా చేస్తే ఐదేళ్లకి 92 శాతం మందిలో ఆ చోట జబ్బు అదుపులో ఉంది. అందుకు ఎంఆర్-లీనాక్ అక్కర్లేదు. స్టీలు కాని అప్లికేటర్లు, సమయానికి ఒక ఎంఆర్‌ఐ స్లాట్ చాలు.

డాక్టర్: ఆ స్లాటే దొరకదు సార్! అప్లికేటర్ లోపల పెట్టుకుని, కాళ్లు కదపకుండా, ట్రాలీ మీద పడుకున్న మనిషిని రేడియాలజీ కారిడార్‌లో ఎంతసేపు ఉంచుతాం? మోకాలి నొప్పి స్కాన్లు అయ్యేదాకానా? అందుకే చివరికి సీటీ తీసి సరిపెడతాం. ఎంఆర్‌ఐ మన డిపార్ట్‌మెంట్‌లోనే ఉండాలని నేననేది అందుకే.

ఫిజిసిస్ట్: అయితే ప్లానింగ్‌కి సరిపోయే చదును బల్ల ఉన్న ఎంఆర్‌ఐ కొందాం. దాంతో పాటు మామూలు లీనాక్. 0.35 టెస్లా అయస్కాంతంతో ఎంఆర్-లీనాక్ తయారుచేసిన వ్యూరే కంపెనీ 2023 జూలైలో దివాలా పిటిషన్ వేసింది. అలాంటప్పుడు సర్వీసుకి ఎవరొస్తారోనన్న టెన్షన్ ఆసుపత్రిదే. మామూలు లీనాక్ ఆగితే పేషెంట్లని పక్క మెషిన్‌కి మార్చగలం.

డాక్టర్: మరి పాంక్రియాస్ పేషెంట్లు? గడ్డని ఆనుకునే ఆంత్రమూలం, అంటే చిన్నపేగు మొదటి భాగం, ఉంటుంది. నిన్న తీసిన ఎంఆర్‌ఐలో ఉన్న చోట అది ఇవాళ ఉండదు. పొరపాటున కాలితే పుండు పడి రక్తం కారుతుంది. ఆ భయంతోనే వాళ్లకి తక్కువ డోసుతో ఆపేస్తున్నాం. ముందు రోజు ఎంఆర్‌ఐ వాళ్లకి ఏం పనికొస్తుంది?

ఫిజిసిస్ట్: వాళ్లకి పనికిరాదు. అక్కడ మీ మాటే సరి. అలాంటివాళ్లని ఎంఆర్-లీనాక్ ఉన్న చోటికి పంపుదాం.

డాక్టర్: పంపితే వెళ్లగలిగేవాళ్లు ఎందరు సార్? ప్రయాణం, గది అద్దె, తోడొచ్చే మనిషి కూలి డబ్బులు... వాటిని ఫైల్‌లో రాయండి. వారంలో రెండు పూటలు ఎంఆర్‌ఐ బ్రాకీ పేషెంట్లకే అనీ రాయండి. ఆ రెండూ ఉంటేనే సంతకం పెడతాను.