సవరణ: పాత టెలిస్కోపుకు మౌంటు గురించి

60 మి.మీ. కటకమున్న పాత రిఫ్రాక్టర్‌కు (కటకంతో పనిచేసే టెలిస్కోపుకు) ఏ మౌంటు, అంటే దాన్ని మోసి తిప్పే ఆధారం, కొనాలో పోయిన వారం రాశాను. గొట్టం బరువు రెండు కిలోలే కాబట్టి మూడు కిలోలు మోసే చిన్న ఈక్వటోరియల్ (ఒక ఇరుసును ధ్రువ నక్షత్రం వైపు గురిపెట్టి వాడే మౌంటు) చాలన్నాను. అది తప్పు. నా మాట నమ్మి ఎవరూ డబ్బు పెట్టకముందే సరిదిద్దుతున్నాను.

బరువొక్కటే చూస్తే చాలదు, పొడవూ చూడాలి. ఫోకల్ దూరం (కటకం నుంచి బొమ్మ ఏర్పడే చోటికి దూరం) 900 మి.మీ. ఉంటే గొట్టం దాదాపు మీటరు. నడుమ పట్టి నిలబెడితే, కొసన వేలు తగిలినా కుదుపు పెద్దదవుతుంది. మా మేడ మీద 12.5 మి.మీ. ఐపీస్‌తో (కన్ను పెట్టి చూసే కటకంతో), అంటే 72 రెట్లలో, శనిని చూశాను. ఫోకస్ మర తిప్పినప్పుడల్లా వలయం నాలుగైదు సెకన్లు వణికింది. వణుకు ఆగితే గానీ ఫోకస్ కుదిరిందో లేదో తెలియదు. మళ్లీ తిప్పాలి, మళ్లీ వణుకు.

పైగా తిరుపతి అక్షాంశం 13.6 డిగ్రీలు. ఈక్వటోరియల్ ఇరుసును అక్షాంశమంత కోణంలోనే పెట్టాలి. అంత కిందికి వంచితే కౌంటర్‌వెయిట్ (గొట్టానికి సరితూగే బరువు) కడ్డీ ట్రైపాడ్ కాలికి తగులుతుంది. కొన్ని మౌంట్లు అంతవరకు వంగనే వంగవు. ధ్రువ నక్షత్రం చూసి సరిచేద్దామంటే అలిపిరి దగ్గర మాకు ఉత్తరాన కొండే అడ్డం.

కాబట్టి ఐదు కిలోలు మోసే, మెల్లగా తిప్పే మరలున్న ఆల్ట్-అజిమత్ (పైకీ కిందికీ, పక్కలకూ తిరిగే మౌంటు) తీసుకోండి. గొట్టాన్ని రెండు రింగులతో బిగించండి. ట్రైపాడ్‌కు పొడుగు కాళ్లుండాలి: ఇక్కడ గ్రహాలు నడినెత్తి దాకా వస్తాయి, అప్పుడు ఐపీస్ మోకాలి దగ్గరికి దిగిపోతుంది. ఎత్తు కోసం మధ్య కడ్డీ మాత్రం పైకి లాగొద్దు, వణుకంతా అక్కడే మొదలవుతుంది.