స్థిరనివాస ధ్రువపత్రంగా టైఫాయిడ్

బెంగళూరులో స్థిరపడ్డామని చెప్పుకోవడానికి మన తెలుగువారు ఆధార్‌లో చిరునామా మార్చుకోవడం, ఆటో అతనితో 'స్వల్ప అడ్జస్ట్ మాడి' అనడం వంటి రుజువులు చూపిస్తుంటారు గానీ, ఈ నగరం మనను కడుపులో పెట్టుకున్నదనడానికి తిరుగులేని సాక్ష్యం టైఫాయిడ్ ఒక్కటేనని, మారతహళ్లి పీజీలో గడిపిన తొమ్మిదేళ్ల అనుభవంతో సవినయంగా మనవి చేస్తున్నాను. కొత్తగా చేరిన కుర్రవాడు పది రోజులు జ్వరంతో మూలిగి, ఊరికి వెళ్లి అమ్మ చేతి జావ తాగి, బెల్టుకు రెండు కొత్త రంధ్రాలు పొడిపించుకుని తిరిగి వచ్చిన నాటి నుంచే అతడిని మేము మనిషిగా లెక్కించేవాళ్లం.

ఈ వ్యాధికి ఒక విశిష్టత ఉంది. దీన్ని కలిగించే సాల్మొనెల్లా టైఫి అనే సూక్ష్మజీవికి మనిషి తప్ప మరొక నివాసం లేదు. ఆవు, కోడి, పంది దానికి పనికిరావు. అంటే టైఫాయిడ్ వచ్చిన ప్రతి వ్యక్తి నోట్లోకి ఒకటి రెండు వారాల కిందట, అణుమాత్రమే అయినా, సాధారణంగా మరొక మనిషి మలమే చేరి ఉంటుంది. భోజనాల వేళ అనవలసిన మాట కాదు గానీ, కులం, మతం, భాష, జీతం అనే భేదాలు చూడకుండా ఒకరి కడుపులోనిది మరొకరి నోటికి అందించే ఇంతటి సౌభ్రాతృత్వాన్ని ఏ ప్రభుత్వ పథకమూ సాధించలేదు.

ఈ పథకం అమలు తీరును మా పీజీలోనే దగ్గరగా చూశాను. ట్యాంకర్ నీళ్లు సంపులోకి, సంపు నుంచి మేడ మీది ట్యాంకులోకి, అక్కడి నుంచి కొంత ఫిల్టర్‌లోకి, మిగిలినదంతా కుళాయిల్లోకి వెళ్లేది. మేమంతా తాగడానికి ఫిల్టర్ నీళ్లే పట్టుకునేవాళ్లం. ఆ నియమంలో ఎవరమూ రాజీపడలేదు. పళ్లు తోముకుని నోరు పుక్కిలించడం, పచ్చి కొత్తిమీర కడగడం, పళ్లేలు తొలవడం మాత్రం సంపు నీళ్లతోనే సాగేవి. 2024 వేసవిలో బోర్లు ఎండిపోయి సంపు అడుగంటినప్పుడు మొదటిసారి మూత తీసి టార్చి వేసి చూస్తే, నల్లటి బురదలో ఒక హవాయి చెప్పు వెల్లకిలా పడి ఉంది. అది ఎడమకాలిది. కుడికాలిది ఎక్కడుందోనన్న ఆలోచనతో ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

న్యూయార్క్‌లో మేరీ మాలన్ అనే వంటమనిషి తనకు ఏ జబ్బూ లేకుండానే ఇంటింటికీ టైఫాయిడ్ వడ్డిస్తున్నదని 1907లో కనిపెట్టారు. కొందరిలో ఈ సూక్ష్మజీవి పిత్తాశయంలో ఏళ్ల తరబడి దాక్కుంటుంది. వద్దన్నా ఆమె మళ్లీ వంటపనికే వెళ్లి పట్టుబడితే, 1915 నుంచి 1938లో మరణించేవరకూ ఏకాంతంలో ఉంచారు. ఇక్కడ అంత కాఠిన్యం అక్కరలేదు. వంటమనిషి చేతులను అనుమానించే ముందు, వంటగది వెనుక మరుగుదొడ్డిలో ఆయన కోసం పెట్టిన సబ్బును చూడాలి; గోరంత ముక్క, అదీ సోపు డబ్బాకు అంటుకుని ఎండిపోయి ఉండేది.

ఇక వ్యాధి నిర్ధారణ విషయంలో మనది శాస్త్రాన్ని మించిన విశ్వాసం. టైఫాయిడ్‌కు ఎదురుగా రక్తంలో పుట్టే ప్రతిరక్షకాలను కొలిచే 1896 నాటి వైడాల్ పరీక్షను జ్వరం వచ్చిన రెండో రోజే చేయించి, చీటీ మీద 1:160 అని కనిపిస్తే జాతకంలో ఏలినాటి శనిని చూసినట్టు తల ఊపుతాం. ఎప్పుడో వచ్చిపోయిన జబ్బుకూ, టీకాకూ, మరేదో జ్వరానికీ కూడా ఆ అంకె పెరగవచ్చునని, నిజం తేలాలంటే యాంటీబయాటిక్ వేసుకోకముందే రక్తం తీసి, అందులోని సూక్ష్మజీవిని పెంచి చూసే కల్చర్ పరీక్షకు పంపాలని చెప్పే వైద్యుడు మనకు నచ్చడు. కల్చర్‌కు రోజులు పడుతుంది. మందుల దుకాణంలో అజిత్రో అనే యాంటీబయాటిక్ పట్టీకి రెండు నిమిషాలు చాలు. పైగా మూడో రోజు జ్వరం కాస్త తగ్గగానే మిగిలిన మాత్రలను రూమ్మేట్ భవిష్యత్తు కోసం దాచిపెట్టే ఔదార్యం మనది. ఒకప్పుడు రామబాణంలా పనిచేసిన సిప్రోఫ్లాక్సాసిన్ మన దేశపు టైఫాయిడ్ మీద చాలావరకు పదును కోల్పోవడంలో ఇలాంటి దానకర్ణుల పాత్ర చిన్నది కాదు.

టీకా లేదా అంటే ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ మొట్టమొదట ఆమోదముద్ర వేసిన టైఫాయిడ్ కాంజుగేట్ టీకా మన హైదరాబాదులో తయారైనదే. శుక్రవారం రాత్రి బస్సుల్లో హైదరాబాదు నుంచి ఆవకాయ జాడీలు, పుల్లారెడ్డి డబ్బాలు వేలకొద్దీ వస్తాయి గానీ, ఆ టీకా వేయించుకుని బస్సెక్కినవాడు మా అంతస్తులో ఒక్కడూ తగలలేదు.

సంపు కడిగించమని పీజీ నడిపే నెల్లూరు పెద్దాయనను అడిగితే, "ఫిల్టర్ ఉండాది గదయ్యా, ఇంకేం గావాల?" అని నొచ్చుకున్నారు. నిజమే, ఉంది. క్యాండిల్ మార్చమని దాని మీద ఏడాదిగా ఎర్రదీపం వెలుగుతూనే ఉంది. ఆయుధపూజ నాడు ఆయన దానికి పసుపు రాసి, సరిగ్గా ఆ దీపం మీదే కుంకుమ బొట్టు పెట్టారు.