రాములవారి కొరియర్

సైకిల్ టూరింగ్ అంతా గ్రాముల లెక్క. ఈ పిచ్చి ముదిరినవాళ్లు టూత్ బ్రష్ పిడిని సగానికి కోసేస్తారు, సబ్బుబిళ్లను ముక్క చేస్తారు. మా బావమరిది ఆ కోవకు చెందినవాడు. బయల్దేరే ముందురోజు రాత్రి వంటింటి కాటా పట్టుకొచ్చి నా సామానంతా తూచాడు. రెండో ప్యాంటు తీసేశాడు. తువ్వాలు తీసేసి చేతిరుమాలు పెట్టాడు. దువ్వెన తీసినప్పుడు మాత్రం ఒకసారి నా తలవైపు చూసి, "దీంతో మీకేం పని బావగారూ" అన్నాడు.

దారి కూడా వాడే గీశాడు. రాజమండ్రి నుంచి కోరుకొండ, గోకవరం, రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి. అక్కడ రాత్రి పడుకుని ఘాట్ దిగితే చింతూరు. శబరి పక్కనే పోతే కూనవరం, ఆపైన గోదావరి వెంట భద్రాచలం. తిరుగు ప్రయాణం బస్సులో. కొండలు, వాగులు, వెదురు పొదలు, రెండు నదులు. కాగితం మీద చూస్తే ఎవరికైనా కాళ్లు లాగుతాయి. తర్వాత నిజంగానే లాగాయి.

మన పల్లెల్లో సైకిలంటే పాలక్యాను తగిలించుకునేది, గడ్డిమోపు వేసుకునేది. నలభై దాటిన మనిషి నిక్కరేసుకుని, నెత్తిన హెల్మెట్ పెట్టుకుని, ఏ పనీ లేకుండా కొండలవైపు తొక్కుతుంటే దానికో కారణం ఉండి తీరాలి. ఆ కారణం తెలుసుకోకుండా ఎవరూ వదలరు. కోరుకొండ దాటుతూ టీ తాగడానికి ఆగాం. బల్ల మీద కూర్చున్న పెద్దాయన లేచి వచ్చి బొటనవేలితో టైరు నొక్కి చూశాడు. బెల్లు కొట్టి చూశాడు.

"ఎంత పడిందండీ?"

మా బావమరిది అసలు ధరలో ఒక సున్నా తీసేసి చెప్పాడు. దానికే ఆయన అయ్యబాబోయ్ అన్నాడు.

"ఎక్కడికండీ?"

"భద్రాచలం."

"బస్సులున్నాయి కదండీ!"

నేను ప్రకృతి గురించి మొదలుపెట్టాను. ఆయన మొహంలో మార్పు లేదు. ఆరోగ్యం గురించి చెప్పాను. "షుగరా అండీ?" అన్నాడు జాలిగా. చుట్టూ ఇంకో నలుగురు చేరారు. అప్పుడు మా బావమరిది గ్లాసు కింద పెట్టి, ఒక్క మాటలో తేల్చేశాడు.

"మొక్కండీ."

అంతే, అందరూ గప్‌చుప్. పెద్దాయన భుజం మీది కండువా తీసి చేతిలో పట్టుకున్నాడు. కొట్టతను టీ డబ్బులు తీసుకోనన్నాడు. ఈ మాట ఇంకెక్కడ చెప్పినా అంతటితో పోయేదేమో. కోరుకొండ సంగతి వేరు. భద్రాచలంలో సీతారాముల కల్యాణానికి వడ్లను గోటితో ఒలిచి, ఒక్క గింజ విరక్కుండా తలంబ్రాలు తయారుచేసి పంపే ఊరది. అలాంటి చోట భద్రాచలమనీ మొక్కనీ ఒకే ఊపిరిలో అంటే ఊరికే పోతుందా?

మొదట పెద్దాయనే ఒక కొబ్బరికాయ తెచ్చాడు. తర్వాత ఒకావిడ పసుపు గుడ్డలో పదకొండు రూపాయలు ముడి వేసి ఇచ్చింది. ఆ వెనకే ఇంకొకావిడ. గోత్రనామాలు రాసుకోమన్నారు. నా దగ్గరున్న రూటు కాగితం వెనక్కి తిప్పి రాయడం మొదలుపెట్టాను. "మనవరాలి పేరు ముందు రాయండి బాబూ, దానికి పరీక్షలున్నాయి." ఒక తాతగారు పానకానికని రెండు కిలోల బెల్లం దిమ్మ పట్టుకొచ్చాడు. దువ్వెన తీసేసి మేం మిగుల్చుకున్నది పదిహేను గ్రాములు.

ఈ సైకిళ్లలో రెండు పద్ధతులున్నాయి. ఒకటి వెనక చక్రానికి క్యారియర్ బిగించి, రెండు పక్కలా సంచులు వేలాడదీసే పాత పద్ధతి. రెండోది క్యారియర్ జోలికి పోకుండా సీటు కిందా ఫ్రేము మధ్యా చిన్న సంచులు కట్టుకునే కొత్త పద్ధతి. మా బావమరిదిది కొత్త పద్ధతి. వాడి సంచిలో కొబ్బరికాయ కాదు కదా, తమలపాకు కూడా పట్టదు. అంచేత రాములవారి సామానంతా నా సైకిలెక్కింది.

"గోకవరంలో మా వియ్యంకుడున్నాడండీ, ఫోన్ చేసి చెబుతానుండండి" అన్నాడు పెద్దాయన, మా మంచికే.

గోకవరం సెంటర్లో వియ్యంకుడు పదిమందితో నిలబడి ఉన్నాడు.

రంపచోడవరం దాటాక రోడ్డు నిక్కుతుంది. ఖాళీ సైకిలైతే చిన్న గేరులో మెల్లగా పాకిపోవచ్చు. వెనక అంత బరువుంటే నిటారు మలుపుల్లో ముందు చక్రం నేలను వదిలి గాల్లోకి లేవాలని చూస్తుంది. దాన్ని అణచడానికి హ్యాండిల్ మీద పడుకుని తొక్కాలి. తొక్కిన ప్రతిసారీ సంచిలో కాయలు ఒకదాన్నొకటి టక్ టక్ మని గుద్దుకునేవి. రబ్బరు తోటలు, వెదురు, రోడ్డుకు అడ్డంగా పారే సన్నటి సెలయేళ్లు అన్నీ ఉన్నాయని మా బావమరిది ముందునుంచి అరిచి చెబుతున్నాడు. నాకు కనపడింది తారు.

ఒక మలుపులో పిట్టగోడకు సైకిల్ ఆనించి నీళ్లు తాగుతున్నాను. అల్లూరి సీతారామరాజు పోలీసు స్టేషన్ల మీద పడేముందు మిరపకాయ టపా పంపి, ఫలానా రోజు వస్తున్నానని చెప్పి మరీ వచ్చేవాడని మన్యంలో చెప్పుకుంటారు. అక్కడి కోతులకు ఆ మర్యాద తెలీదు. ఒకటి సంచి క్లిప్పు నొక్కి తీసింది. నాకు ఆ క్లిప్పు తీయడం రావడానికి వారం పట్టింది. రెండోది బెల్లం దిమ్మను చంకన పెట్టుకుని చెట్టెక్కింది. మూడోది కొబ్బరికాయ తీసి, అటూ ఇటూ తిప్పి చూసి, నచ్చక వదిలేసింది. ఆ కాయ రోడ్డు మీద దొర్లుకుంటూ, మలుపు తిరిగి, మేం అరగంట కింద ఎక్కివచ్చిన దారంతా తనే దిగిపోయింది.

"దాని కోసం దిగుతారా బావగారూ?"

నేను జవాబు చెప్పలేదు.

"పోనీలెండి. ఆంజనేయస్వామి వంశంవాళ్లే తీసుకున్నారు. రాముడికి చేరినట్టే లెక్క."

నేను కాగితం తీసి రాసుకున్నాను: బెల్లం రెండు కిలోలు, కోతుల ఖాతా. కాయ ఒకటి, లోయ ఖాతా.

మారేడుమిల్లి చేరేసరికి చీకటి పడింది. ఆ చలిలో, ఆ ఆకలిలో, బొంగు చికెన్ వాసన తగిలితే మనిషికి మడీ ఆచారం గుర్తుండవు. పచ్చి వెదురు బొంగులో మసాలా పట్టించిన కోడిముక్కలు కూరి, మూతికి ఆకు కుక్కి, నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు. చుక్క నూనె ఉండదు. విస్తట్లో దులిపితే ముక్కలు ఆవిర్లు కక్కుతూ జారతాయి. ఇద్దరం మాట్లాడకుండా తిన్నాం. డబ్బులిచ్చే వేళకు ఫోన్లో సిగ్నల్ లేదు. గ్రాములు తగ్గించే పనిలో మా బావమరిది ఇద్దరి పర్సులూ ఇంటి దగ్గరే పెట్టించి, ఫోను, ఒక కార్డు చాలన్నాడు. కొట్టతను మా వైపు చూస్తున్నాడు. మా దగ్గరున్న నోట్లూ చిల్లరా అంతా పసుపు గుడ్డల్లో ఉంది.

కంచర్ల గోపన్న సర్కారు సొమ్ముతో రాముడికి గుడి కట్టించినందుకు గోల్కొండలో 12 ఏళ్లు చెరసాలలో మగ్గాడని చెబుతారు. ఆయన సర్కారు డబ్బు రాముడికి ఖర్చుపెట్టాడు. మేం రాముడి డబ్బు కోడికి ఖర్చుపెట్టాం. ఈ కేసుకు ఎన్నేళ్లు పడతాయో లెక్క కట్టుకుంటూ పడుకున్నాను. రామదాసు బాకీ రాముడే వచ్చి తానీషాకు తీర్చాడని కథ. మాది రాముడికే బాకీ, దాన్ని ఎవరొచ్చి తీరుస్తారు?

"చేబదులని రాసుకోండి బావగారూ, ఏటీఎం కనపడగానే కట్టేద్దాం" అని దుప్పటి ముసుగులోంచి వినపడింది.

మర్నాడు దిగుడు. ఎక్కేటప్పుడు కాళ్లను తిన్న బరువు దిగేటప్పుడు బ్రేకులను తింటుంది. మలుపుకొకసారి ఆగి చక్రాలు చల్లారాక బయల్దేరాం. చింతూరు దగ్గర శబరి పలకరించింది, కూనవరం దగ్గర గోదావరిలో కలిసిపోయింది. అక్కడ కాసేపు కూర్చోవాలనిపించింది కానీ మా బావమరిది అప్పటికే ఓ ముసలమ్మతో మాట్లాడుతున్నాడు. నేను వాణ్ని చెయ్యిపట్టి లాక్కొచ్చాను. ఈ చింతూరు, కూనవరం మండలాలు పోలవరం ముంపు కారణంగా 2014లో ఆంధ్రాకు వచ్చాయి, భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోయింది. కాబట్టి నా కొబ్బరికాయలు రాష్ట్ర సరిహద్దు దాటి మరీ స్వామిని చేరాయి.

ఏటీఎంలో డబ్బు తీశాం. కోడి బాకీ వడ్డీతో సహా హుండీలో వేశాను. కోతుల ఖాతా, లోయ ఖాతా కూడా కొత్త బెల్లంతో, కొత్త కాయతో సరిచేశాను. గోత్రనామాల కాగితం చూసి పూజారిగారు కళ్లజోడు సర్దుకున్నారు. వెనక క్యూ గొణుగుతున్నా ఒక్క పేరు వదలకుండా చదివారు, మనవరాలిది ముందు. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని, ఖాళీ సంచుల్ని చూసుకుని, బస్సెన్నింటికో అడుగుదామనుకుంటున్నాను. ఫోన్ మోగింది. మా బావమరిది నా నంబరు ఇచ్చి వచ్చాడని అప్పుడు తెలిసింది.

"దర్శనం అయ్యిందాండీ? ఆయ్, చాలా సంతోషం. తిరిగి ఎప్పుడు బయల్దేరుతున్నారండీ? రానూపోనూ తొక్కితేనే కదండీ మొక్కు చెల్లేది. ప్రసాదం కోసం ఇక్కడ అందరం చూస్తున్నాం. గోకవరంలో వియ్యంకుడికి లడ్డూ తియ్యగా ఉంటే చాలట."

నేను మా బావమరిది వైపు చూశాను. వాడు మోకాలు పట్టుకుని కుంటడం మొదలుపెట్టాడు.

"మొక్కు మీ పేరునే చెప్పాను బావగారూ. పైగా నాకు క్యారియర్ కూడా లేదు."

వాడు బస్సెక్కాడు. నేను లడ్డూ పొట్లాలతో మళ్లీ చింతూరు చేరాను. ఘాట్ మొదలయ్యేచోట టీ తాగుతుంటే పక్కనున్న కుర్రాడు సైకిల్ చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, ఇంత కొండ ఎందుకు ఎక్కుతున్నారని అడిగాడు. ఈసారి మొక్కు మాట నోట్లోంచి రానివ్వలేదు.

"పందెం కాశాను తమ్ముడూ" అన్నాను, ఇక ఎవరూ ఏమీ ఇవ్వరన్న ధీమాతో.

వాడు నా కాళ్లవైపు, కొండవైపు ఒకసారి చూసి, జేబులోంచి వంద నోటు తీసి నా చేతిలో పెట్టాడు.

"ఎక్కలేరని నాదో వంద. నేను గెలిస్తే ఆ వందకి ఇంకో వంద కలిపి రంపచోడవరంలో మా అన్నయ్యకి ఇచ్చెయ్యండి. పేరు రాసుకోండి, చెబుతాను."