తెల్లోడిని వెక్కిరిస్తే అది రేసిజమా?

కాదు అని చాలా ఏళ్ళు వాదించిన మనిషిని నేను. గట్టిగానే వాదించాను, ఒకరిద్దరితో మాటలు కూడా బంద్ అయ్యాయి. ఇప్పుడు అంత ధీమాగా అనలేకపోతున్నాను. అలాగని అవతలి పార్టీలో చేరిపోయానా అంటే అదీ లేదు. అసలు ఎక్కడ నిలబడ్డానో రాసుకుంటే నాకైనా తెలుస్తుందని ఈ పోస్ట్. పొడుగ్గా ఉంటుంది, ఓపిక ఉన్నవాళ్ళే చదవండి.

సామ్ కెర్ కేసు చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆస్ట్రేలియా మహిళల ఫుట్‌బాల్ జట్టు కెప్టెన్, ఇంగ్లండ్‌లో చెల్సీ క్లబ్‌కి ఆడేది. తండ్రి కలకత్తాలో పుట్టినాయన. 2023 జనవరిలో ఒక రాత్రి లండన్‌లో టాక్సీ డ్రైవర్‌తో గొడవై వ్యవహారం ట్వికెన్‌హామ్ పోలీస్ స్టేషన్‌కి చేరింది. డ్రైవర్ మమ్మల్ని దింపకుండా ఎటో తీసుకుపోతున్నాడని భయపడ్డాం అని ఈవిడ చెబుతుంటే ఎదురుగా ఉన్న పోలీసు నమ్మలేదు. ఆ కోపంలో అతన్ని 'స్టుపిడ్ అండ్ వైట్' అంది, ముందు ఒక బూతు కూడా తగిలించి. జాతి పేరుతో వేధించిందని కేసు పెట్టారు. ఆ మాట అనలేదని ఆమె బుకాయించలేదు. అతని చేతిలో ఉన్న అధికారం గురించి అన్నాను తప్ప రంగును తిట్టడం నా ఉద్దేశం కాదంది. 2025 ఫిబ్రవరిలో జ్యూరీ, అంటే తీర్పు చెప్పడానికి కూర్చోబెట్టిన మామూలు పౌరుల బృందం, ఆమెను నిర్దోషిగా తేల్చింది.

తేల్చగానే రెండు రకాల మాటలు. 'చూశారా, తెల్లవాళ్ళను అంటే రేసిజం కాదని కోర్టే చెప్పేసింది' అని ఒకటి. ఇది శుద్ధ తప్పు. జ్యూరీ కారణాలు చెప్పదు, నేరం రుజువైందా లేదా అన్నంతవరకే చెబుతుంది. రెండోది, 'అదే ఒక తెల్లావిడ నల్ల పోలీసును స్టుపిడ్ అండ్ బ్లాక్ అని ఉంటే?' అన్న ప్రశ్న. దీన్ని పాత నేనైతే ఒక్క నవ్వుతో తీసిపారేసేవాణ్ణి. అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ అన్న సామెత చెప్పి ఎవరో అడిగితే జవాబు తడుముకోవాల్సి వచ్చింది.

పాత నా దగ్గర ఒక సూత్రం ఉండేది. 1970లో పాట్రీషియా బిడోల్ అనే అమెరికన్ విద్యావేత్త చెప్పిన లెక్క అది. రేసిజం అంటే దురభిప్రాయం ప్లస్ అధికారం. ఆ లెక్క ప్రకారం అధికారం లేనివాడి నోట్లోంచి ఏం వచ్చినా అది దురభిప్రాయమే అవుతుంది కానీ రేసిజం అవదు. వినడానికి భలే శుభ్రంగా ఉంటుంది. వాదనలో పాచిక లాంటిది, వేస్తే ఎదుటివాడు నోరు మూయాల్సిందే. దాంతో ఉన్న ఇంకో సుఖం నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. నేను ఏం మాట్లాడినా ముందే మాఫీ.

అసలు ఈ పేచీ సగం ఇంగ్లిష్ మాట వల్ల వచ్చిందేమో అనిపిస్తుంది నాకు. మన భాషలో రెండు మాటలున్నాయి చూడండి. జాతివివక్ష ఒకటి, జాత్యహంకారం ఒకటి. వివక్ష చూపించాలంటే చేతిలో ఏదో ఒకటి ఉండాలి. ఇవ్వకుండా ఆపడానికి ఉద్యోగం ఉండాలి, అద్దెకివ్వకుండా ఉండడానికి ఇల్లు ఉండాలి, ఓటు లేకుండా చేయడానికి చట్టం ఉండాలి. అహంకారానికి అవేమీ అక్కర్లేదు, నోరుంటే చాలు. ఇంగ్లిష్‌లో ఈ రెండింటినీ రేసిజం అనే ఒక్క మూటలో కట్టేసి, మూట మొత్తం నాదంటే నాదని ఇద్దరూ లాక్కుంటున్నారు. బలహీనుడు బలవంతుడి మీద వ్యవస్థ స్థాయిలో వివక్ష చూపించలేడు, నిజమే. అహంకారం చూపించలేడా? బ్రహ్మాండంగా చూపించగలడు.

చట్టానికి వస్తే అది చాలాచోట్ల ఈ అధికారం లెక్కను ఒప్పుకోలేదు. 1965లో ఐక్యరాజ్యసమితి చేసిన జాతివివక్ష నిర్మూలన ఒప్పందంలో జాతి, రంగు, వంశం, పుట్టుక ఆధారంగా చూపే తేడా అని ఉంది తప్ప ఎవరి సంఖ్య ఎక్కువ, ఎవరు బలవంతులు అనే షరతు లేదు. 1976లో అమెరికా సుప్రీంకోర్టు ముందుకొచ్చిన ఒక కేసు ఇంకా బాగుంటుంది. ఒక రవాణా కంపెనీలో సరుకు దొంగిలించారని ముగ్గురి మీద ఆరోపణ వచ్చింది. ఇద్దరు తెల్లవాళ్ళు, ఒక నల్లవాడు. తెల్లవాళ్ళిద్దరినీ పీకేశారు, నల్లవాణ్ణి ఉంచారు. 1964 పౌరహక్కుల చట్టం తెల్లవాళ్ళకు కూడా వర్తిస్తుందని కోర్టు చెప్పింది. ఆ తీర్పు రాసింది థర్గుడ్ మార్షల్. అమెరికా సుప్రీంకోర్టులో మొట్టమొదటి నల్లజాతి న్యాయమూర్తి. బడుల్లో తెల్లపిల్లల్ని, నల్లపిల్లల్ని వేరు చేయడం చెల్లదని 1954లో తీర్పు తెచ్చుకున్న లాయరు ఆయనే. అధికారం అంటే ఏంటో ఆయనకు నా పోస్టులు చదివి తెలుసుకోవాల్సిన అవసరం లేదు కదా. ఆయనే అలా రాశాడంటే నేను కాస్త ఆగి ఆలోచించాలి.

'ఉద్యోగం పీకేయడం వేరు, తెల్లవాళ్ళకు డాన్స్ రాదని నవ్వడం వేరు' అంటారా? వేరే. నేనూ అక్కడికే వస్తున్నాను, కానీ దారిలో నా బండారం ఒకటి బయటపెట్టాలి.

పదేళ్ళ కిందటి సంగతి. అమెరికాలో మా టీమ్‌లో పదకొండు మందిమి. పది మంది మనవాళ్ళు, అందులో తొమ్మిది మంది తెలుగువాళ్ళు. పదకొండోవాడు తెల్లవాడు. మీటింగ్ ఇంగ్లిష్‌లో మొదలై, అసలు విషయం వచ్చేసరికి తెలుగులోకి జారేది. అతను మర్యాదగా ల్యాప్‌టాప్ వైపు చూస్తూ కూర్చునేవాడు. అతనికి ఒక పేరు ఉంది, మా మధ్య ఆ పేరు ఎవరం వాడేవాళ్ళం కాదు. 'తెల్లోడికి చెప్పారా?' 'తెల్లోడు ఐదింటికల్లా జంప్ కదా.' 'తెల్లోడి కోడ్ కదా, పని చేయదు కానీ కామెంట్లు మాత్రం నీట్‌గా ఉంటాయి.' అతను మాట్లాడే తీరును బాగా అనుకరించేవాణ్ణి నేను. లంచ్‌లో నా ఐటమ్‌కి మంచి డిమాండ్ ఉండేది.

అప్పట్లో నన్నడిగితే ఇది మెజారిటీ మీద మైనారిటీ చేసే వెటకారం, దేశం వాళ్ళది, వీసా భయం మాది, ఆ మాత్రం నవ్వుకోకూడదా అనేవాణ్ణి. అదంతా నిజమే. అతను ఆఫీసు బయట అడుగు పెడితే దేశమంతా అతనిదే. ఆఫీసు లోపల మాత్రం అప్రైజల్ ఇచ్చేది మావాడు, సెలవు సంతకం మావాడిది, ఏ పని ఎవరికి పడాలో తేలేది అతనికి రాని భాషలో. ఆ గదిలో మెజారిటీ ఎవరు?

ఇలాంటి గదులు నా ఒక్కడి అనుభవం కాదు. భారతీయులు కాని ఉద్యోగుల పట్ల ఒక పెద్ద ఐటీ సంస్థ కావాలని వివక్ష చూపిందని 2024 అక్టోబరులో లాస్ ఏంజెలెస్‌లో ఒక జ్యూరీ తేల్చింది. ఆ వార్త షేర్ చేస్తూ 'తెల్లోళ్ళ ఏడుపు' అని రాసినవాళ్ళు నా స్నేహితుల్లోనే ఉన్నారు.

ఇంకోటి కూడా చెప్పాలి, సిగ్గుగా ఉన్నా. అదే లంచ్ టేబుల్ దగ్గర, గొంతు కొంచెం తగ్గించి, సెక్యూరిటీ గార్డును 'నల్లోడు' అనేవాళ్ళం. అదే స్వరం, అదే నవ్వు. అంటే మేం చేస్తున్నది బలవంతుడి మీద తిరుగుబాటు కాదన్నమాట. పైకి కొట్టేవాడు అదే ఊపులో కిందకీ ఎలా కొడతాడు? మాకు ఉన్నది సిద్ధాంతం కాదు, అలవాటు. సిద్ధాంతాన్ని తర్వాత వెతుక్కున్నాం.

అసలు 'మెజారిటీ' అన్న మాట మీదే నాకు పేచీ. తల లెక్కకు, బలానికి సంబంధం ఏంటి? దక్షిణాఫ్రికాలో నల్లవాళ్ళే మెజారిటీ. అపార్థీడ్ (చట్టం పెట్టి నడిపిన జాతివివక్ష) ఉన్నన్నాళ్ళూ వాళ్ళ నెత్తినెక్కి కూర్చున్నది గుప్పెడు మంది తెల్లవాళ్ళు. 2018లో అక్కడ ఒక తెల్లజాతి మహిళకు జైలు శిక్ష పడింది. తన కారులో దొంగతనం జరిగితే సాయానికి వచ్చిన నల్లజాతి పోలీసులను, అక్కడ అత్యంత నీచంగా భావించే ఒక తిట్టుతో 48 సార్లు తిట్టింది. మూడేళ్ళ శిక్ష, అందులో ఒక ఏడాది అమలు చేయకుండా సస్పెండ్ చేశారు. అవమానించింది మెజారిటీ జాతినే కదా, అది రేసిజం కాదని ఎవరైనా అన్నారా? కాబట్టి మెజారిటీని వెక్కిరిస్తే రేసిజం కాదు అనే వాక్యం అమెరికా దాటితే నిలవదు.

'సరే, మెజారిటీ అనం, బలవంతుడు అందాం' అంటారా? అదీ అంత తేలిక కాదు. ఆఫ్రికాలోని రువాండాలో జనాభాలో దాదాపు 85 శాతం హుటూలు. బెల్జియం పాలకులు మైనారిటీ అయిన టుట్సీలను నెత్తిన పెట్టుకుని, ఎవరు ఏ జాతో గుర్తింపు కార్డుల మీద రాయించారు. స్వాతంత్ర్యం వచ్చేనాటికే అధికారం హుటూల చేతికి వచ్చేసింది. అయినా 1994లో రేడియోలో టుట్సీలను బొద్దింకలు అని పిలుస్తున్నప్పుడు, అలా పిలిచినవాళ్ళ దృష్టిలో తాము కొడుతున్నది బలహీనుణ్ణి కాదు. మళ్ళీ పెత్తనం చేయడానికి వస్తున్న పాత దొరలను. వంద రోజుల్లో లక్షల మంది చచ్చిపోయారు. లంచ్ టేబుల్ జోకును తీసుకెళ్ళి అక్కడ పెట్టడం అన్యాయమని నాకూ తెలుసు. నేను చెప్పేది ఒక్కటే. 'వాడే బలవంతుడు, కాబట్టి వాణ్ణి ఏమన్నా చెల్లుతుంది' అనేది ఎవడైనా వాడుకోగల లైసెన్సు. బలం చేతులు మారిన సంగతి లైసెన్సు ఉన్నవాడికి చివర్న తెలుస్తుంది.

ఇప్పుడు అవతలి పార్టీ సంగతి. ఇంతవరకూ చదివి లైక్ కొట్టబోతున్నవాళ్ళు కొంచెం ఆగండి.

తెల్లవాళ్ళను ఏమన్నా 'రివర్స్ రేసిజం', అంటే తిరగబడ్డ రేసిజం, అని గుండెలు బాదుకునేవాళ్ళలో చాలామందికి మామూలు రేసిజం గురించి ఒక్క పోస్టు ఉండదు. వెనక్కి వెళ్ళి చూడండి, ఉండదు. మనల్ని తెల్లవాళ్ళు యాసతో వెక్కిరిస్తే 'జోకే కదా, సరదాగా తీసుకోవాలి' అన్నవాళ్ళే తెల్లవాళ్ళకు డాన్స్ రాదు అనగానే మానవ హక్కుల కమిషన్ అయిపోతారు. రెండూ ఒకటే, తూకం సరిపోయింది అంటారు. నేను ఒప్పుకోను.

ఎందుకంటే వెక్కిరింత బరువు వెక్కిరింతలో ఉండదు, దాని వెనక ఏం నడిచి వస్తోందన్న దాంట్లో ఉంటుంది. 1830ల ప్రాంతంలో థామస్ రైస్ అనే తెల్ల నటుడు ముఖానికి మసి పూసుకుని నల్ల బానిసను ఎగతాళి చేస్తూ ఆడి పాడేవాడు. జనం విరగబడి చూశారు. ఆ పాత్ర పేరు జిమ్ క్రో. తర్వాతి కాలంలో నల్లవాళ్ళను బస్సుల్లో, బడుల్లో, మంచినీళ్ళ దగ్గర వేరు పెట్టిన చట్టాలకు ఆ పేరే పడింది. స్టేజీ మీది జోకు పేరు చట్టానికి వచ్చింది. తెల్లవాళ్ళకు తాళం తెలియదన్న జోకు పేరుతో ఎక్కడైనా చట్టం ఉందా?

మన వరకూ వద్దాం. 1987లో న్యూజెర్సీలోని జెర్సీ సిటీలో ఒక గుంపు తమకు 'డాట్ బస్టర్స్' అని పేరు పెట్టుకుంది. డాట్ అంటే ఆడవాళ్ళ నుదుటి బొట్టు. పేరు వింటే కుర్రాళ్ళ చిలిపితనంలా ఉంటుంది. మిమ్మల్ని ఇక్కడి నుంచి వెళ్ళగొట్టి తీరతామని పత్రికకు ఉత్తరం రాశారు, మనవాళ్ళ మీద వరసగా దాడులు జరిగాయి. 2017 ఫిబ్రవరిలో కాన్సాస్‌లోని ఒలేథా ఊళ్ళో ఒక బార్‌లో కూర్చున్న తెలుగు ఇంజినీరును, నా దేశంలోంచి పొండి అని అరిచి కాల్చి చంపాడు ఒకడు. ఆ వారం మా ఇళ్ళల్లో ఎవరూ బయట తెలుగులో గట్టిగా మాట్లాడలేదు. 'తెల్లోడు' అన్న మాట విని ఏ తెల్లవాడైనా తన ఇంగ్లిష్‌ను తగ్గించి మాట్లాడాడా?

కాబట్టి నా లెక్క ఇలా తయారైంది. మెజారిటీ జాతిని పుట్టుక పట్టుకుని వెక్కిరిస్తే అది జాత్యహంకారమే. దానికి వేరే ముద్దుపేరు పెట్టను. కానీ జేబుదొంగా, బ్యాంకు దోచినవాడూ ఇద్దరూ దొంగలే కదా, ఇద్దరికీ ఒకే శిక్ష వేయండి అంటే వేయను. అధికారంలో ఉన్నవాడు ఆ అధికారంతో చేసే పనులను ఎగతాళి చేస్తే అది అసలు ఈ లెక్కలోకే రాదు. దొరను చూసి నవ్వడం ఎక్కడైనా ఉన్నదే, ఉండాలి కూడా. ఈ గీత ఎప్పుడూ స్పష్టంగా ఉంటుందా? ఉండదు. సామ్ కెర్ మాట గీతకు ఏ వైపు పడుతుందో నేనిప్పటికీ తేల్చుకోలేదు. ఒక రోజు అటు, ఒక రోజు ఇటు. 'కారెన్' అన్న మాట కూడా అంతే. అధికారం చూసుకుని పక్కవాడి మీదకు పోలీసుల్ని పిలిచే తెల్లావిడ గురించి మొదలైంది. ఇప్పుడు హోటల్లో చల్లారిన కాఫీ మార్చమని అడిగిన ఏ ఆడమనిషినైనా అంటున్నారు.

మా టీమ్ సంగతి సగంలో వదిలేశాను. ఒకరోజు అతను నా సీటు దగ్గరికొచ్చి, 'నా గురించి మాట్లాడేటప్పుడు మీరు తెల్లోడు అనే మాట చాలాసార్లు అంటారు, దాని అర్థం ఏంటి?' అని అడిగాడు. పలకడం కూడా బాగానే పలికాడు. 'ఏం లేదు, అమెరికన్ అని' అన్నాను. అబద్ధం. అంత అమాయకమైన మాటే అయితే అర్థం చెప్పడానికి నాకు ఎందుకు నోరు రాలేదో ఆ రాత్రి చాలాసేపు ఆలోచించాను. అతను ఇంకెవరినో అడిగి ఉంటాడు. నెల తర్వాత సోమవారం పొద్దున కాన్ఫరెన్స్ కాల్‌లో ఒక్కొక్కరం పేర్లు చెబుతున్నాం. అతని వంతు వచ్చింది. 'హాయ్, తెల్లోడు హియర్' అన్నాడు.

అందరూ పడీ పడీ నవ్వారు. మేనేజర్ అయితే చప్పట్లు కొట్టాడు, మనవాడైపోయాడు అని. నేను మ్యూట్‌లో ఉన్నాను. ఏడాది తిరక్కుండానే అతను వేరే టీమ్‌కి మారిపోయాడు. వీడ్కోలు కార్డు మీద సంతకాలు పెడుతుంటే, పైన రాయడానికి అతని ఇంటిపేరు స్పెల్లింగ్ మాలో ఒక్కరికీ తెలియలేదు.