ఇరుక్కుపోయినప్పుడే తెలుస్తుంది ఆట సంగతి

పాయింట్ అండ్ క్లిక్ అడ్వెంచర్ గేమ్‌ల (తెర మీది వస్తువులను మౌస్‌తో నొక్కుతూ, పజిళ్లు విప్పుతూ కథ నడిపే ఆటల) రివ్యూలు చదివితే బొమ్మలు, సంగీతం, కథ, జోకులు అన్నిటి గురించీ ఉంటుంది. పజిళ్ల దగ్గరికొచ్చేసరికి 'కొన్ని మరీ కష్టం' అని ఒక్క ముక్కతో సరిపెడతారు. డెడ్‌లైన్ టెన్షన్‌లో, వాక్‌త్రూ (ప్రతి అడుగుకూ జవాబు చెప్పే గైడ్) పక్కన పెట్టుకుని ఆడేస్తే అంతకన్నా రాయడానికి ఏముంటుంది? ఈ ఆటల్లో చాలాసేపు మనం చేసేది ఏమీ తోచక తెరంతా మౌస్ తిప్పడమే. అప్పుడు ఆట మనతో ఎలా ప్రవర్తిస్తుందో చూసే నేను మార్కులు వేస్తాను.

1990లో వచ్చిన 'ది సీక్రెట్ ఆఫ్ మంకీ ఐలాండ్'లో హీరో గైబ్రష్‌ను ఒక బరువైన విగ్రహానికి తాడుతో కట్టి సముద్రంలో పడేస్తారు. పది నిమిషాలు ఊపిరి బిగపట్టగలనని అతని గొప్ప. (నిజంగానే పది నిమిషాలు ఏం చేయకుండా కూర్చుంటే చచ్చిపోతాడు.) చుట్టూ తాడు కోయడానికి పనికొచ్చే పదునైన వస్తువులే, ఒక్కటీ చేతికందదు. చేయాల్సిందల్లా విగ్రహాన్ని తీసుకుని జేబులో వేసుకుని నడిచి పైకి రావడం. కాసేపటి క్రితం దాన్ని దొంగిలించి మోసుకొచ్చింది అతనే కదా! జవాబు తెలిశాక కోపం మన మీద వస్తుంది, ఆట మీద కాదు.

1999 నాటి 'గాబ్రియెల్ నైట్ 3'లో కోపం ఆట మీదే వస్తుంది. స్నేహితుడి పేరు మీద రిజర్వ్ చేసిన మోటార్‌సైకిల్‌ను హీరో అతని వేషంలో వెళ్లి తెచ్చుకోవాలి. అందుకు ఒక కంతకు టేపు అంటించి, అందులోంచి పిల్లి దూరేలా చేసి, టేపుకు అంటిన బొచ్చును మేపుల్ సిరప్‌తో మూతికి అతికించి మీసం చేసుకోవాలి. ఆ స్నేహితుడికి అసలు మీసమే లేదు! అందుకని అతని పాస్‌పోర్ట్ ఫోటోలో మార్కర్‌తో మీసం గీయాలి. పాయింట్ అండ్ క్లిక్ ఆటలు ఈ మీసం వల్లే చచ్చాయని ఎగతాళి చేసేవాళ్లున్నారు. అది అతిశయోక్తే గానీ, వాళ్ల ఉక్రోషం నాకర్థమవుతుంది. విగ్రహం పజిల్ కూడా తిక్కదే, కానీ దానికి కావాల్సినవన్నీ మన కళ్ల ముందే ఉన్నాయి. ఇక్కడ డిజైనర్ బుర్రలో ఏముందో ఊహించడం తప్ప దారి లేదు.

ఇంతకన్నా ఘోరం, ఇరుక్కున్నామని కూడా తెలియనివ్వకపోవడం. 1990లోనే వచ్చిన సియెరా కంపెనీ వారి 'కింగ్స్ క్వెస్ట్ 5'లో బేకరీలో కొన్న కస్టర్డ్ పై (ఒక తీపి వంటకం) తినేస్తే ఆట హాయిగా సాగిపోతుంది. ఎంతో దూరం వెళ్లాక మంచుకొండల్లో యెతి ఎదురవుతుంది. దాని మొహాన కొట్టాల్సింది ఆ కస్టర్డ్ పైతోనే. ఆటను అంతకుముందే ఎక్కడైనా సేవ్ చేసి ఉండకపోతే మళ్లీ మొదటికే. మంకీ ఐలాండ్ సృష్టికర్త రాన్ గిల్బర్ట్ 1989లోనే ఇలాంటి డిజైన్‌ను తిడుతూ ఒక వ్యాసం రాశాడు. ఆ తిట్లు సియెరా దాకా చేరినట్టు లేదు.

నా లెక్క అన్నిచోట్లా కుదరదని 'డే ఆఫ్ ది టెంటకిల్' (1993) చూస్తే ఒప్పుకోవాలి. ఇది వేర్వేరు కాలాల్లో చిక్కుకున్న ముగ్గురి కథ. గతంలో ఒక చెట్టుకున్న కమ్‌క్వాట్ (చిన్న నారింజ లాంటి) కాయలకు ఎర్రరంగు పూస్తే జార్జ్ వాషింగ్టన్ దాన్ని చెర్రీ చెట్టనుకుని నరికేస్తాడు. దాంతో భవిష్యత్తులో ఆ చెట్టుకు చిక్కుకున్న, ముగ్గురిలో ఒకతైన లవెర్న్ విడుదలవుతుంది. నాకిది అద్భుతం, ఎందుకంటే చిన్నప్పుడు చెర్రీ చెట్టు నరికానని వాషింగ్టన్ నిజం ఒప్పుకున్న కథ మనకూ నీతికథల్లో పరిచయమే. ఆ కథ విననివాడికి మాత్రం ఇదీ పిల్లి మీసమే.

ఇప్పటి ఆటలు సూచనలను లోపలే పెడుతున్నాయి. డైలాగులే లేని, కాబట్టి ఇంగ్లిష్ రానివాళ్లూ ఆడగల 'మెషినేరియమ్' (2009)లో పూర్తి జవాబున్న పుస్తకం తెరవాలంటే ముందు ఒక చిన్న షూటింగ్ ఆట నెగ్గాలి. 2022 నాటి 'రిటర్న్ టు మంకీ ఐలాండ్' హింట్ బుక్ జవాబును మెట్లు మెట్లుగా విప్పుతుంది. ఇది చీటింగ్ అనే పాత ఆటగాళ్లతో నేను ఏకీభవించను. రివ్యూ రాసేవాళ్లు ఆ పుస్తకం ఎక్కడ తెరవాల్సొచ్చిందో, తెరిచాక సిగ్గుపడ్డారో చిరాకుపడ్డారో రాస్తే చాలు, పదికి ఎన్ని మార్కులో నాకక్కర్లేదు.