మిక్సర్ లైన్ ఒక్కటే తీసుకుంటే చిన్న హాల్లో బ్యాండ్ రికార్డింగ్ రాదు

బ్యాండ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సలహా తెగ తిరుగుతోంది. కేఫ్‌లోనో చిన్న హాల్లోనో షో రికార్డ్ చేయాలంటే మిక్సర్ (మైకులూ వాయిద్యాలూ కలిపి స్పీకర్లకి పంపే పెట్టె) నుంచి వైరుతో నేరుగా లైన్ తీసుకోండి, క్లీన్‌గా వస్తుంది. గదిలో మైక్ పెడితే గోల తప్ప ఏమీ రాదు. లెవెల్ ఎర్ర లైటు దాకా పెంచండి, లేదంటే ఆటోలో పెట్టేయండి. తేడాలుంటే ఎడిటింగ్‌లో చూసుకోవచ్చు. అసలు క్వాలిటీ కావాలంటే ఎనిమిది మైకులు లేనిదే మొదలుపెట్టకండి. ఇదీ దాని సారాంశం. యాభై అరవై మంది పట్టే గదికి ఇందులో దాదాపు ఏ మాటా పనికిరాదు. దీన్ని నమ్మి, షో అయ్యాక ఇంటికెళ్లి ఫైల్ విని నీరుగారిపోయే కుర్రాళ్లను చూస్తుంటే బాధేస్తుంది, అందుకే ఒక్కో మాటా తీసుకుని రాస్తున్నా.

"మిక్సర్ లైన్ అంటే క్లీన్ సౌండ్"

క్లీనే, కాదనను. కానీ మిక్సర్‌లోకి ఏది వెళ్తే అదే బయటికొస్తుంది. చిన్న గదిలో డ్రమ్స్‌కి మైకులు పెట్టడం అరుదు, అవసరం కూడా ఉండదు, స్నేర్ (డ్రమ్స్‌లో టప్‌మని గట్టిగా మోగేది) మీద ఒక్క దెబ్బ పడితే వెనక గోడ దాకా వినిపిస్తుంది. గిటార్ యాంప్ సంగతీ అంతే. మిక్సర్‌లోకి వెళ్లేది సింగర్ మైకూ, కీబోర్డూ, మహా అయితే ఒక అకౌస్టిక్ గిటార్. ఆ లైన్ రికార్డ్ చేస్తే గొంతూ కీబోర్డూ చెవి పక్కనే ఉంటాయి, డ్రమ్స్ మాత్రం సింగర్ మైక్‌లోకి లీకైనంత మేరకే, పక్కింట్లో ఎవరో వాయిస్తున్నట్టు వస్తాయి. పైగా సౌండ్ చూసే ఆయన ఈక్యూ (బేస్, ట్రెబుల్ లాంటివి పెంచి తగ్గించే బటన్లు) తిప్పేది ఆ స్పీకర్ల కోసం, ఆ గది కోసం. ఫీడ్‌బ్యాక్ కూత పెడుతోందని సింగర్ మైక్‌లో కొంత కోసేస్తారు. గదిలో కూర్చున్నవాళ్లకి అది బాగానే ఉంటుంది, మీ ఫైల్లో మాత్రం గొంతు పల్చబడిపోతుంది. ఆయన తప్పేం లేదు, ఆయన పని ఆ రాత్రి ఎదురుగా ఉన్న జనానికి బాగా వినిపించడం. డ్రమ్స్ చప్పుడు, యాంప్ చప్పుడు, స్పీకర్లలోంచి వచ్చే గొంతు, మూడూ గాల్లో కలిశాకే అక్కడ మిక్స్ తయారవుతుంది. మిక్సర్‌లో ఉన్నది అందులో ఒక ముక్కే.

"గదిలో మైక్ పెడితే గోలే"

ఎక్కడ పెట్టారన్నది అడగకుండా ఈ మాట అనేస్తారు. రికార్డర్‌ని తీసుకెళ్లి వెనక బల్ల మీద, కాఫీ మెషిన్ పక్కన పెడితే పాలు కాచే ఆవిరి బుస్సుమనడం, కప్పులు సాసర్ల మీద టకటకలాడటం, పక్క బల్లవాళ్ల కబుర్లు అన్నీ పాటకన్నా ముందు వినిపిస్తాయి, ఇక గోల కాక ఏమొస్తుంది? స్టేజీ ఎంత వెడల్పుందో సుమారుగా అంత దూరంలో, మధ్యలో, పొడుగాటి స్టాండ్ మీద తలలకన్నా పైకి, రెండు రెండున్నర మీటర్ల ఎత్తున పెట్టి బ్యాండ్ వైపు తిప్పండి. విడిగా రెండు కార్డియాయిడ్ (ముందువైపు చప్పుడునే ఎక్కువగా పట్టే) మైకులుంటే ఫ్రెంచ్ రేడియోవాళ్ల ఓఆర్‌టీఎఫ్ పద్ధతి ఉంది: రెండింటి మధ్య 17 సెంటీమీటర్లు, కోణం 110 డిగ్రీలు. లేకపోతే చేతిలో పట్టే రికార్డర్‌కి ఉన్న మైకులే చాలు. సౌండ్ చెక్ అప్పుడు ఒక చెవి మూసుకుని గదిలో నడవండి, గొంతూ డ్రమ్సూ సరిసమానంగా వినిపించే చోటు దొరుకుతుంది, స్టాండ్ అక్కడ పెట్టాలి. గొంతు ఇంకా వెనకబడి ఉంటే మైకుల్ని స్పీకర్‌కి దగ్గరగా జరపండి, లేదా గిటారిస్టుని బతిమాలి యాంప్ తగ్గించమనండి. ఆ బతిమాలుకోవడం ఏ ఖరీదైన మైకూ చేయలేని పని చేసిపెడుతుంది.

కెనడా బ్యాండ్ కౌబాయ్ జంకీస్ 1987 నవంబర్ 27న టొరంటోలో ఒక చర్చిలో చుట్టూ కూర్చుని, మధ్యలో ఒకే ఒక్క మైక్ పెట్టుకుని ఆల్బమ్ రికార్డ్ చేసింది. సింగర్ గొంతు అక్కడే ఉన్న పీఏ స్పీకర్లోంచి (సభల్లో జనానికి వినిపించే స్పీకర్) వచ్చి ఆ మైక్‌లో పడింది. జనం లేరు, కేఫ్ కాదు, నిజమే. కానీ ఎవరు ఎంత దూరంలో ఉండాలి, ఎంత గట్టిగా వాయించాలి అని సర్దుకోవడానికే వాళ్లకి ఆరు గంటల దాకా పట్టింది. ఒక్క మైక్ సరిపోయింది, ఓపికే ఎక్కువ కావాల్సొచ్చింది.

"లెవెల్ ఎర్ర లైటు దాకా పెంచండి, లేదా ఆటో"

ఇది టేప్ కాలం నాటి అలవాటు. టేప్‌కి సొంత హిస్ (సన్నటి సుయ్ మనే చప్పుడు) ఉండేది, దాన్ని దాటడానికి గట్టిగా రికార్డ్ చేసేవాళ్లు. ఇప్పటి డిజిటల్ రికార్డర్లలో ఉండే 24 బిట్ సెట్టింగ్‌లో ఆ బెంగ లేదు, తక్కువ లెవెల్లో తీసుకుని తర్వాత పెంచినా రికార్డర్ హిస్ కన్నా గదిలో ఏసీ చప్పుడే ముందు వినిపిస్తుంది. సౌండ్ చెక్‌లో పీకులు (అన్నిటికన్నా గట్టిగా వచ్చే చోట్లు) మీటర్ మీద మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఉండేలా పెట్టి వదిలేయండి, ఎందుకంటే జనం వచ్చి చప్పట్లు పడ్డాక ఏ డ్రమ్మరూ సౌండ్ చెక్‌లో కొట్టినట్టు కొట్టడు. ఆటో లెవెల్ ఇంకా ఘోరం: క్రాష్ సింబల్ కొట్టగానే మొత్తం పాట కిందికి కుంగి, మళ్లీ మెల్లగా పైకి లేస్తుంది, ఇంటర్వెల్లో ఏసీ హోరు డ్రమ్స్ అంత అవుతుంది. 32 బిట్ ఫ్లోట్ రికార్డర్ (లెవెల్ ఎంత పెరిగినా ఫైల్ పగలనివ్వని రకం) ఉంటే ఏం భయం లేదు అనేవాళ్లకి ఒక మాట: మైక్ లోపల చప్పుడుని పట్టే క్యాప్స్యూలే తట్టుకోలేనంత చప్పుడైతే అది ఏ ఫార్మాట్‌లో అయినా పగిలినట్టే రికార్డవుతుంది.

"మిగతాది ఎడిటింగ్‌లో చూసుకోవచ్చు"

లెవెల్ హద్దు దాటి పగిలిన, అంటే క్లిప్ అయిన స్నేర్ తిరిగి సరిగ్గా రాదు. అసలు రికార్డే కాని డ్రమ్స్ ఎక్కణ్నించి తెస్తారు?

ఎడిటింగ్ నిజంగా పనికొచ్చే చోటు వేరే ఉంది, మిక్సర్ లైన్‌కి విలువా అక్కడే. గదిలో రెండు మైకులు ప్రధానంగా పెట్టుకుని, లైన్‌ని విడి ట్రాక్‌లో తీసుకుని, గొంతు స్పష్టత కోసం కొద్దిగా కలపండి. ధ్వని మీటరు దూరం రావడానికి దాదాపు 3 మిల్లీసెకన్లు పడుతుంది, స్పీకర్ నుంచి 5 మీటర్లలో మైకులుంటే లైన్‌ని 15 మిల్లీసెకన్లు ఆలస్యంగా వచ్చేలా జరపాలి, లేకపోతే గొంతు రెండుగా చీలినట్టుంటుంది. రెండు వేర్వేరు రికార్డర్లు వాడితే షో మొదట్లో, చివర్లో ఒక్కో చప్పట కొట్టించండి, రెండు ఫైళ్లనీ ఆ చప్పట్ల దగ్గర కలపొచ్చు, ఎందుకంటే రికార్డర్ల గడియారాలు గంటలో పదుల మిల్లీసెకన్లు పక్కకి జరగొచ్చు. లైన్ లెవెల్‌ని తెచ్చి మైక్ ఇన్‌పుట్‌లో పెట్టకండి, లెవెల్ తగ్గించే ప్యాడ్ లేకపోతే మొదటి పాటకే పగిలిపోతుంది.

"ఎనిమిది మైకులు లేనిదే వద్దు"

అన్నిట్లోకీ ఎక్కువ నష్టం చేసేది ఈ మాటే. పదడుగుల స్టేజీ మీద ఎనిమిది మైకులు పెడితే ఎనిమిదింట్లోనూ సింబల్సే వినిపిస్తాయి, ఒకే చప్పుడు ఒక్కో మైక్‌కి ఒక్కో క్షణంలో చేరి, అన్నీ కలిపినప్పుడు ఫేజ్ తేడాలతో (అలలు ఒకదాన్నొకటి కొట్టేసుకుని) డ్రమ్స్ బోలుగా వినిపిస్తాయి. దాన్ని సరిచేయడానికి అనుభవం కావాలి, డబ్బూ కావాలి, ఈ రెండూ లేవని మన చిన్న బ్యాండ్లు రికార్డింగ్ జోలికే పోకుండా ఉండిపోతున్నాయి. ఆ సింగర్ ఆ రాత్రి పాడిన తీరు మళ్లీ రాదు కదా. ఫోన్ ఒక్కటే ఉన్నా పర్లేదు: ఆటో గెయిన్ ఆపి లెవెల్ చేత్తో పెట్టుకోనిచ్చే రికార్డింగ్ యాప్ వేసుకుని, డబ్ల్యూఏవీ (WAV, చప్పుడుని కుదించకుండా దాచే) ఫార్మాట్ ఎంచుకుని, ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, అదే స్టాండ్‌కి అదే ఎత్తులో బిగించండి.