వాయిదా గారికి, ఏ2 అన్నయ్య రాయునది

మహారాజశ్రీ వాయిదా గారికి,

మా తమ్ముడు ఏ2గా, అంటే రెండో ముద్దాయిగా ఉన్న కేసులో నిన్న మళ్ళీ మీ దర్శనం అయింది, ఇది 43వసారి, అమ్మ గోడ క్యాలెండర్లో పాలలెక్క పక్కనే ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి పెడుతుంది కాబట్టి లెక్క తప్పదు. పొద్దున పదింటికి వేపచెట్టు కింద చేరాం, కాల్ వర్క్‌లో, అంటే కేసుల పేర్లు వరసగా పిలిచేటప్పుడు, ఒకసారి పిలిచారు, పాసోవర్, అంటే తర్వాత చూస్తాం అన్నారు, లంచ్ అయ్యాక మళ్ళీ పిలిచారు, తీరా చూస్తే మీరొచ్చారు.

నిజం చెప్పాలంటే నిన్న మీరు రారనే అనుకున్నాం. ఎందుకంటే సాక్షి వచ్చాడు! పంచనామా మీద సంతకం పెట్టిన మధ్యవర్తి, ఎల్‌డబ్ల్యూ4, అంటే పోలీసులిచ్చిన సాక్షుల జాబితాలో నాలుగోవాడు, రెండేళ్లుగా ఆయనకి సమన్లు వెళ్తున్నాయి వస్తున్నాయి, మనిషి మాత్రం రాలేదు, అలాంటిది నిన్న కూలి మానుకుని రెండు బస్సులు మారి వచ్చాడు. మాకు వ్యతిరేకంగా చెప్పడానికే వచ్చాడనుకోండి, కానీ అదే చెట్టు కింద కూర్చున్నాడు, రెండయ్యేసరికి ఆయన మొహం కూడా మా మొహం లాగే అయిపోయింది. పాపం అని టీ ఇప్పించబోతే లాయర్ గారు నా చెయ్యి పట్టుకుని లాగేశారు, సాక్షికి టీ ఏంటయ్యా, ప్రలోభపెట్టారంటారు, దానికో కేసు కావాలా అని. సరే, ఆయన టీ ఆయన తాగాడు, మా టీ మేం తాగాం.

తీరా బోనెక్కే టైముకి ఏపీపీ గారు, అంటే ప్రభుత్వం తరఫు లాయరు, లేచి ఎంఓ రాలేదండీ అన్నారు. ఎంఓ అంటే ఏంటో ఆరేళ్ల కింద నాకూ తెలీదు, ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా చెప్తా. మెటీరియల్ ఆబ్జెక్ట్, కోర్టులో సాక్ష్యంగా చూపించే వస్తువు, మా కేసులో దొంగసొత్తు అన్నమాట. మా కేసులో అది 5 హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ మోటారు. అదెక్కడుందయ్యా అంటే బోర్లో ఉంది. 2019లోనే మోటారు పోగొట్టుకున్న రైతు పిటిషన్ వేసుకుని విడిపించుకున్నాడు, కోర్టు అడిగినప్పుడు తెస్తానని రాసిచ్చి, తీసుకెళ్లి 250 అడుగుల లోతున దింపుకున్నాడు. ఇప్పుడేమో నాట్లు పడ్డాయి, మోటారు పైకి తీస్తే పొలం ఎండిపోద్ది, ఎలా తెచ్చేదని కబురు పెట్టాడు. ఆయన్ని తప్పుపట్టను, నేనైనా అంతే. కానీ ఆ మోటారుకి వైండింగ్ చేసింది మా తమ్ముడేనండీ! ఎవడో వచ్చి ఇది నాదే, కాలిపోయింది, చుట్టి పెట్టు అని మా వాడి షాపులో పడేసిపోతే, మూడు రోజులు కూర్చుని చుట్టాడు, చుట్టిన మర్నాడు పోలీసులొచ్చారు. మజూరీ డబ్బులు ఇప్పటిదాకా ఎవరూ ఇవ్వలేదు.

తెచ్చినవాడు ఏ1, మా వాడు ఏ2, ఐపీసీ సెక్షన్ 411. దొంగసొత్తని తెలిసి తీసుకుంటేనో, దొంగసొత్తని నమ్మడానికి కారణం ఉండి కూడా తీసుకుంటేనో అది నేరం, మూడేళ్ల దాకా శిక్ష. మరి తెలీదని ఎట్లా చెప్పాలి, వస్తువు మన దగ్గర దొరికితే అదెలా వచ్చిందో మనమే చెప్పుకోవాలంట. చెప్పడానికి మా దగ్గర రిజిస్టర్ ఉంది, కాదు, ఉండేది. తెచ్చినవాడి పేరు, ఫోన్ నంబరు, అడ్వాన్సు 500, అంతా మావాడి కోడిగీతల్లో రాసుంది. మోటారుతో పాటు అదీ పట్టుకెళ్లారు. పంచనామాలో మోటారు ఉంది, రిజిస్టర్ లేదు. తెప్పించండి మహాప్రభో అని క్రిమినల్ కేసులు ఎలా నడపాలో చెప్పే చట్టం సీఆర్‌పీసీ 91 కింద పిటిషన్ వేశాం, దాని మీదే మీరు ఎనిమిదిసార్లు వచ్చారు.

అంతకుముందు సంగతి ఇంకా గొప్పది. ఏ1 పరారీలో ఉన్నాడని, వాడు దొరికే దాకా కేసు కదలదని రెండేళ్లు, అంటే దొంగ ఎప్పుడొస్తాడా అని మేం చెట్టు కింద ఎదురుచూశాం, ఆ తర్వాత గానీ మా కేసు విడదీయలేదు. కరోనాలో కోర్టులు మూసినా మీరు మూయలేదు, ఫోన్లో వచ్చారు.

మిగతావి పెద్ద పట్టించుకోనులెండి. ఏడేళ్ల లోపు శిక్షపడే కేసుల్లో ఊరికే అరెస్టు చెయ్యొద్దు, ముందు నోటీసు ఇవ్వండి అని సుప్రీంకోర్టు అర్నేశ్ కుమార్ కేసులో 2014లోనే చెప్పింది, మా వాడికి నోటీసు బదులు సబ్‌జైల్లో 11 రోజులిచ్చారు. జైల్లో ఉన్నవాడికి లాయర్ని ఉచితంగా ఇవ్వాలని 1987 చట్టంలోనే ఉందంట, ఆ ముక్క ఎవరూ చెప్పక అమ్మ గాజులు తాకట్టుకెళ్లాయి, ఇప్పుడు కోర్టు గోడ మీద న్యాయసహాయానికి 15100కి ఫోన్ చెయ్యండని బోర్డు, దాన్నీ వచ్చిన ప్రతిసారీ చదువుతున్నాను. జ్వరమొచ్చి రాలేకపోతే 317 పిటిషన్ వెయ్యాలి, ఒకసారి జూనియర్ గారు మర్చిపోయారు, వారెంట్ వచ్చింది, దాన్ని రీకాల్ చేయించడానికి ఇంకో ఐదు వందలు.

కానీ మీ దగ్గరే నాకు మింగుడు పడట్లేదు. సీఆర్‌పీసీ 309 అని మీ మీదే ఒక సెక్షన్ ఉంది, చదివాను. లాయర్ వేరే కోర్టులో ఉన్నారనేది మిమ్మల్ని పిలవడానికి కారణం కాదంట, మా లాయర్ గారే అది చెప్పి మిమ్మల్ని ఎన్నిసార్లు పిలిచారో నాకు తెలుసు. సాక్షి వచ్చి కూర్చుంటే విచారించకుండా పంపకూడదంట, ప్రత్యేక కారణాలు రాస్తే తప్ప. నిన్నటి ప్రత్యేక కారణం వరి నాట్లు! 2024 జూలై 1న క్రిమినల్ చట్టాలు మారాయి, అందులోనూ రెండుసార్లకి మించి నిన్ను పిలవకూడదని రాశారంట, మా పాత కేసుకి అది వర్తించదంట. వర్తించినా నువ్వు ఆగుతావా? ఆ రైతు తప్పు చెయ్యలేదు, సాక్షి తప్పు చెయ్యలేదు, మా వాడూ చెయ్యలేదు, ఇంతమందిని చెట్టు కింద కూర్చోబెట్టి పొద్దుగూకాక పొమ్మంటావే, సిగ్గులేదా నీకు? దోషి అంటే అననీ, జైలుకెళ్తాడు, కాదంటే ఇంటికెళ్తాడు, ఏదో ఒకటి చెప్పి చావొచ్చుగా! వైండింగ్ షాపు మూసి మూడేళ్లయింది, దొంగమోటార్ల షాపంట అని ఎవడూ రాడు, మా వాడిప్పుడు ఆటో తోలుతున్నాడు, కోర్టుకి వచ్చినరోజు అదీ లేదు.

సరే, కోపం వచ్చింది, ఏమనుకోకండి. ఎంతైనా పాత పరిచయం, వాడి పెళ్లికి పంతులు గారు పెట్టిన ముహూర్తాన్ని లాయర్ గారు మార్చారు మీకోసం.

వచ్చే నెల 17న అన్నారుగా, పదికల్లా వచ్చేస్తాం. కోతలు అయితే గానీ మోటారు రాదనుకోండి. నిన్న ఆటోలో తిరిగొస్తుంటే తమ్ముడు చాలాసేపు ఏం మాట్లాడలేదు, బైపాస్ దాటాక అన్నాడు, "ఆరేళ్లయినా కాల్లేదంటే బాగానే చుట్టాన్రా అన్నయ్యా" అని.

ఇట్లు,
ఏ2 అన్నయ్య